నీలం ఊలు అయిపోయాక

ఏప్రిల్ నెల. మా పటగోనియా రేవులో
ఊరంతా కూడలికి పరిగెత్తిన రోజు
నేనూ వెళ్ళాను,
సంచిలో సగం అల్లిన మేజోడు, సూదులు.
మైకులో జనరల్ గారి గొంతు
దీవుల పేరు పలికినప్పుడల్లా
టోపీలు గాల్లోకి లేచాయి.
రొట్టెల కొట్టు ఎర్మిందా నా భుజం పొడిచింది:
"చప్పట్లు కొట్టవేం?"
"చేతులు ఖాళీ లేవు" అన్నాను.

అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

ఐదేళ్ళ కిందట ఇలాంటి గొంతే,
తమ్ముడు ఎవల్దో ఎక్కడని అడగడానికి వెళితే
అలాంటి పేరే జాబితాలో లేదంది.
ఉన్న మనిషిని లేడన్న నోరు
యుద్ధం కావాలంటే
నేనెట్లా ఊఁ కొట్టను?

కానీ ఆ పిల్లలు వేరు.
ఎక్కడో ఉత్తరాన, కొర్రియెంతెస్ ఎండల్లోంచి తెచ్చి
బడి వెనక రేకుల షెడ్డులో పడుకోబెట్టారు.
టీ పట్టుకెళితే రోసెందో అనే కుర్రాడు
తాగలేదు, ముందు కప్పుతో చేతులు కాచుకున్నాడు.
మీసమింకా మొలవలేదు,
తుపాకీ మాత్రం వాళ్ళ తాత ఈడుది.
"అక్కడ కూడా గాలి ఇంతేనా అమ్మా?"
నాకేం తెలుసు, నేనెప్పుడు వెళ్ళాను?
పాదం చాపమన్నాను.
నా మోచేతి నుంచి మణికట్టు దాకా,
ఇంకో రెండు వేళ్ళు.

ఆ రాత్రి నుంచి అదే పని.
గెలుస్తున్నాం, గెలుస్తున్నాం అంటుంది రేడియో.
నేను కుట్లు లెక్కపెట్టుకుంటాను.
ఎర్మిందా నన్ను ద్రోహి అంది.
యూనియన్ లిసాంద్రో వచ్చి
"నువ్వు మేజోళ్ళు అల్లడమంటే
యుద్ధానికి కాళ్ళివ్వడమే" అన్నాడు.
ఎర్మిందా మాట గుమ్మం దగ్గరే దులిపేశాను.
లిసాంద్రో మాట
చేపముల్లులా ఇప్పటికీ గొంతులోనే ఉంది.

మర్నాడు మడమ తిప్పుతుంటే
నీలం ఊలు అయిపోయింది.
పెట్టె తెరిచి ఎవల్దో స్వెటర్ తీశాను.
మట్టి రంగు. మోచేతుల దగ్గర పలచబడింది.
కొస దొరకడానికే గంట పట్టింది.
లాగుతుంటే చేతులు రెండుసార్లు ఆగాయి.
తర్వాత ఆగలేదు.

జూన్, మాకు చలికాలం.
లారీలు రాత్రిపూట వచ్చాయి,
టార్పాలిన్లు బిగించి, లైట్లార్పి,
దొంగసరుకు మోస్తున్నట్టు.
కూడలిలో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.
ఎర్మిందా కొట్టు తలుపు ఓరగా తీసి
ఏమీ అనకుండా
రొట్టెల బుట్ట నాకందించింది.

ముఖాలు కనబడలేదు.
టార్పాలిన్ అంచు కింద కాళ్ళు కనబడ్డాయి.
అందులో ఒకటి, బూటు లేనిది:
నీలం, మడమ దగ్గర మట్టి రంగు.
రోసెందోదేనా?
అలాంటివి పదకొండు జతలు అల్లాను.

లారీ ఆగలేదు.
పక్కనే పరిగెత్తుతూ రొట్టెలు లోపలికి విసిరాను,
కొన్ని బురదలో పడ్డాయి.
ఒక చెయ్యి బయటికొచ్చి
ఆఖరుది అందుకుంది.