శనివారం ఒక్కపొద్దు

తెల్లారి అయిదింటికి మెలకువొస్తాది నాకు.
చేతులకు మాత్రం ఏడున్నరకి.

ఆ రెండున్నర గంటలూ
పిడికిలి పిడికిలిగానే ఉంటాది,
ఎవరిమీదా కోపం లేకపోయినా.
కొళాయిని మణికట్టుతో తిప్పుతా.
పాల ప్యాకెట్టు పండ్లతో కొరుకుతా.
చెంగల్రాయులు లేస్తాడు.
బస్సు డిపోలో నట్లు బిగించి బిగించి
నల్లబారిన గోళ్ళతో
నా రవిక హుక్కులు పెడతాడు
కిందనుంచి పైకి, ఒకటి తప్పి, మళ్ళీ మొదట్నుంచి.
పెండ్లయిన కొత్తలో విప్పడమొకటే తెలుసు ఈయనకి.
పదకొండేండ్లకి పెట్టడం నేర్చినాడు.

హుక్కులు కుట్టేదే నా పని కూడా.
సంతపేటలో నాలుగు టైలరంగళ్ళ రవికలు
సంచుల్లో మా ఇంటికే వస్తాయి.
కాజా, హుక్కు, కాజా, హుక్కు.
మునుపు దినానికి ముప్పై రవికలు.
ఇప్పుడు పన్నెండు. చలికాలం ఏడు.
దారం ఎదురింటి పాప ఎక్కిస్తాది,
బడికి పోయేముందు, ఇరవై సూదులకి,
దిండుకి వరసగా గుచ్చిపెట్టి పోతాది.
పొద్దుగూకేసరికి దిండు బోడిదైతే
ఆ దినం మంచి దినం.

శుక్రవారం రేత్రి మాత్ర.
పసుపుపచ్చగా, కందిగింజంత.
వారానికి ఒకే దినం మింగాల,
దినామూ మింగితే పానానికే మోసమని
వేలూరు ఆస్పత్రిలో నర్సమ్మ
అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి,
చేతులూపి ఒకసారి చెప్పింది.
శనివారం కడుపులో తిప్పుతాది.
సంగటి ముద్ద చూస్తేనే గొంతు మూసుకుంటాది.
మజ్జిగ ఒక గలాసు, అంతే.

కుప్పమ్మత్త గోడమీదనుంచి చూసి
"పెరటాసి నెల పోయి ఎన్నాళ్ళయిందే,
ఇంకా శనివారం ఒక్కపొద్దుంటా ఉండావా?" అనింది.
ఔనత్తా అన్నా.
ఏం చెప్పేది?
ముప్పై రెండేండ్లకి కీళ్ళవాతమంటే నమ్మదు,
అది ముసలోళ్ళ ఆస్తి అంటాది,
కోక ఎత్తి తన మోకాళ్ళు చూపిస్తాది.
ఇప్పుడు వీధంతటికీ నేను భక్తురాలిని.
మొన్న ఒకామె వచ్చి
జొరంతో ఉండే బిడ్డ పేరు చెప్పి
మొక్కుకోమ్మా నువ్వు అనిపోయింది.
మొక్కినా.
అరచేతులు పూర్తిగా కలవలేదు,
నడుమ నిమ్మకాయ పట్టేంత సందు.
ఆ సందులోనే పెట్టినా
ఆ బిడ్డ పేరు.

నెలకొకసారి వేలూరు.
రక్తం తీస్తారు, కాయితమిస్తారు,
నొప్పికి పదికి ఎన్ని మార్కులో వెయ్యమంటారు.
బడిలో నాకెవరూ సరిగ్గా మార్కులెయ్యలేదు,
నేనెట్లా వేసేది?
మూత రాని ఊరగాయ జాడీకి ఎంత?
ఊరిబిండి నూరే రోలును
పక్కింటోళ్ళకి దొర్లించి ఇచ్చేసిన దినానికి?
నిద్రలో ఆయన చెయ్యి నా వేళ్ళమీద పడి
నేను అరిస్తే,
ఆ రేత్రి నుంచి గోడవైపు తిరిగి పడుకుంటాడే,
దానికి?
ఆరు, అన్నా.
పోయినసారి కూడా ఆరే, అన్నాడు డాక్టరు,
సంతోషంగా రాసుకున్నాడు.

ఈపొద్దు శనివారం.
పదకొండింటికి కుప్పమ్మత్త వచ్చి
గడపమీద కూలబడింది.
"నువ్వొక్కదానివే ఎంత కాలం ఉంటావు?
ఈ వారం నుంచి నేనూ పొయ్యి ముట్టించలేదు.
ఇద్దరం ఉంటే ఆకలి తెలీదులే."
చక్కెర జబ్బుకి వేళకి తినాల్సిన మనిషి.
వద్దు పొమ్మని, ఇది దేవుడి ఒక్కపొద్దు కాదని
నోటిదాకా వచ్చింది.
చెప్పినా.
మాత్ర చీటీ కూడా చూపించినా.
తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి
"ఓసి దీనికేనా," అని లేచిపోయింది.
అలిగిందనుకున్నా.

పావుగంటకి వచ్చింది,
ఒక చేతిలో తన కూటి గిన్నె,
ఒక చేతిలో నాకు మజ్జిగ.
గలాసు కింద పెట్టి, అడక్కుండానే
జాడీ మూత తీసి పక్కన పెట్టింది,
మళ్ళీ వదులుగా మూసింది.

దిండుకి ఇంకా తొమ్మిది సూదులుండాయి.