ఊపిరి బెజ్జం

మల్కాపురంలో, ఆయిల్ ట్యాంకర్లు మలుపు తిరిగే చోట,
అప్పలసూరి దుకాణానికి బోర్డు లేదు.
ముప్పై ఏళ్ళు ఓడల్లో పైపులు అతికిన మనిషి
నా సైకిలు ఫ్రేముని ఒళ్ళో అడ్డంగా వేసుకుని
గోరుతో కొట్టి చూస్తున్నాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.

చివర కొడితే టక్కు.
నడుమ కొడితే టింగు.
మళ్ళీ అటు చివర టక్కు.
"ఇన్నావా?" అన్నాడు.
పదకొండేళ్ళుగా తొక్కుతున్నాను,
ఇవాళే విన్నాను.

అతుకుల దగ్గర దళసరి, నడుమ పలచన.
నిప్పు తగిలేదీ, బరువు పడేదీ చివర్లలోనే కదా.
నడుమ ఎంతుంటుంది అంటే
కొడుతున్న గోరునే చూపించాడు.
ఆ గోరంత గోడ మీద
అరవై రెండు కిలోల నేను, రెండు నీళ్ళసీసాలు,
భీమిలి రోడ్డు పొడుగునా ఎదురుగాలి.

"ఖరీదైన ఉక్కు ఇంకా బిర్రుగా ఉంటుందా?"
నవ్వేడు.
"వంగడంలో ఉక్కులన్నీ ఒకటేనమ్మా.
గేటు గొట్టమూ ఇదీ ఒకే మందమైతే ఒకేలాగ వంగుతాయి.
మంచి ఉక్కంటే,
పలచగా లాగినా పేనం ఒగ్గనిది."

వెనక చక్రం పక్క కడ్డీ మీద రంగు పొక్కింది.
గీకితే ఎర్రటి పొడి.
"సముద్రం మీ ఇంటికెంత దూరం?"
"కిటికీ తీస్తే కనిపిస్తుంది."
"మరదీ."

తుప్పు బయటినించి రాలేదు.
గొట్టాలు అతికేటప్పుడు లోపలి గాలి కాగి
బయటపడ్డానికి చిన్న బెజ్జం పెడతారట, ఆవగింజంత.
ఆ దారినే దూరింది
ప్రతి వానా, ప్రతి ఉప్పుగాలీ.
నేను మెత్తటి గుడ్డతో రోజూ తుడుస్తూనే ఉన్నాను.
పైన.

పాత కడ్డీ కోసి, కొత్తది ఆనించి
వెలిగారం రాసి మంట పెట్టాడు.
ఉక్కు గడ్డిరంగైంది, నీలమైంది,
పండిన రేగుపండైంది.
"ఇంక ఎర్రబడితే సెడిపోద్ది" అని మంట వెనక్కి లాగాడు.
ఇత్తడి నీళ్ళలా సందులోకి తనే పాకింది.
ఎవరూ తొయ్యలేదు.

చల్లారాక అవిసెనూనె పోసి
అటూ ఇటూ తిప్పాడు, ఉగ్గు పట్టిన పిల్లని తిప్పినట్టు.
"ఆ బెజ్జం మూసెయ్యకూడదా?"
"మూసేస్తే లోపలిది లోపలే ఉండిపోద్ది.
వాన్లో తొక్కినప్పుడల్లా
బెజ్జం కిందకెట్టి ఎండలో ఉంచు. సాలు."
మూడొందలు తీసుకున్నాడు. నూనెకి తీసుకోలేదు.

ఆదివారం సింహాచలం ఘాటు, మూడో మలుపు.
పెడళ్ళ మీద నిలబడితే
ఫ్రేము వెంట్రుకవాసి పక్కకి ఒరిగి
మళ్ళీ నా కిందికి వచ్చింది.
ఆగి, వంగి, గోరుతో కొట్టాను.

అనాసపళ్ళ ఆటో పక్కనే ఆగింది.
"పంచరా మేడం?"
కాదన్నాను.
అతను నమ్మలేదు.
నేను మళ్ళీ కొట్టాను.