నిష్ఫల వ్యయం

హనుమకొండ కలెక్టరేట్ మీటింగ్ హాల్లో
ఒక ఏసీ పనిచేస్తుంది, రెండోది చుక్కచుక్కగా కారుతుంది.
దాని కింద బకెట్ పెట్టిన అటెండరే
ఆ రోజు నీటిపారుదలలో
కంటికి కనబడే పని చేసిన మనిషి.

శాసనసభ లెక్కల కమిటీ. సభ్యులు పదమూడు మంది,
వచ్చింది అయిదుగురు.
నేను ఆ లెక్కలోకి రాను. స్టెనోని.
రెండు పెన్సిళ్లు చెక్కుకుని చివర కూర్చుంటాను.
మా షార్ట్‌హ్యాండ్‌లో 'క' సన్నగీత, 'గ' లావు గీత.
అందుకే కోటి సన్నగా మొదలవుతుంది,
గండి లావుగా.
మౌనానికి మాత్రం గీత లేదు.

పేరా మూడు పాయింట్ పద్నాలుగు:
రేగులగూడెం మల్లంకుంట, పూడికతీత.
తీసిన మట్టి నలభై రెండు వేల క్యూబిక్ మీటర్లు,
బిల్లు ముప్పై ఏడు లక్షల ఎనభై వేలు.
ఎంబుక్‌లో అంకెలు ముత్యాల్లా ఉన్నాయి,
ఒక్క కొట్టివేత లేదు.
ఇరవై ఏళ్ల నౌకరీలో నేను నేర్చిందొకటే:
పని నిజంగా జరిగితే పుస్తకం మాసిపోతుంది.

"తీసిన మట్టి ఏమైంది?" అన్నారు అధ్యక్షురాలు.
"రైతులు తోలుకుపోయారు మేడమ్, ఉచితంగా."
"మరి కుంట లోతు?"
"ఆ ఏడు వరదకు మళ్లీ పూడింది మేడమ్."
వరద చాలా మంచిది.
పిలిస్తే వస్తుంది, సంతకం అడగదు,
ఏ కమిటీ ముందూ హాజరు కాదు.

అన్నాలయ్యాక, ఊరికి పోదాం పదండి అన్నారామె.
షెడ్యూల్లో అది లేదు. ఉన్నది వేయి స్తంభాల గుడి.
నర్సంపేట రోడ్డు మీద ఏడు బండ్లు, కల్లాల నుంచి మిర్చి ఘాటు,
ముందు బండిలో డీఈ, చెవికి ఫోను.

మల్లంకుంట నిండా తుమ్మలు.
మూడేళ్ల కింద తవ్విన కుంటలో
పదేళ్ల తుమ్మ ఎట్లా పెరిగిందో ఎవరూ అడగలేదు.
ఎండ గదా,
అందరూ దాని నీడలోనే నిలబడ్డారు.

కట్ట కింద కలుపు తీస్తున్న దుగ్గి కొంరక్క
పిలవకుండానే వచ్చింది.
కాగితాల దిక్కు చూడలేదు.
కొడవలి కొనతో చెలక చూపించింది.

"మట్టి మాకిచ్చినమంటున్రు గదా అమ్మా,
చెర్వుమట్టి పడితె చెల్క నల్లగైతది.
ఎనుకట మా మామ పది బండ్లు పోసిండు,
గా మూలకు సూడు, ఇప్పటికీ నలుపే.
తక్కినదంత ఎర్రగనే ఉన్నది.
నలభై వేలు తీస్తె ఊరు ఊరంత నల్లగుండాలె.
ఏది, గా నలుపు సూపెట్టుమను."

అందరూ డీఈ వైపు చూశారు.
డీఈ వర్క్ ఇన్‌స్పెక్టర్ సాంబరాజు వైపు చూశాడు.
సాంబరాజు వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు, కుంట తప్ప.
అది ఎంతసేపో నేను రాసుకోలేదు.
చెప్పాను గదా, గీత లేదు.

రాత్రి గెస్ట్‌హౌస్‌లో టైపు చేశాను, ఆమె అన్నది అన్నట్టే.
సెక్షన్ ఆఫీసర్ ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి
పైన దిద్దారు:
"మట్టి అందలేదని ఒక స్థానికురాలు మౌఖికంగా తెలిపినారు."
నలుపు పోయింది, ఎరుపు పోయింది,
మామ పోయాడు, పది బండ్లూ పోయాయి.
పూడికతీత అంటే ఏమిటో
నా కళ్లతో చూసింది ఆ రాత్రే.

నివేదిక సభ ముందుకు రావడానికి రెండేళ్లు.
వచ్చిన రోజు సభ వాయిదా.
డీఈ అప్పటికి ఈఈ అయి, రిటైరై, శాలువా కప్పుకుని వెళ్లిపోయాడు.
సొమ్ము రాబట్టలేదని అనకూడదు:
సాంబరాజు పెన్షన్‌లో నెలకు పన్నెండు వందలు.
ఈ లెక్కన మొత్తం తీరడానికి ఎన్నేళ్లో
ఊరికే వేసి చూశాను.
రెండు వందల అరవై రెండున్నర.
పేరా మూసేశారు.

నోట్‌బుక్కులు ఏడాది తిరిగితే చింపేయాలని రూలు.
ఆ ఒక్కటి దాచాను.
నలుపు దగ్గర, 'న' సన్నగా గీయాల్సింది,
చెయ్యి ఒత్తుకుపోయి ములుకు విరిగింది,
కాగితానికి చిల్లు పడింది.

మల్లంకుంట పనిలో పడ్డ గుంత,
నాకు తెలిసి, అదొక్కటే.