పోబాక

పేరు గెలాక్సీ.
మా చీమకుర్తి నల్లరాయి మీద బంగారు నలుసులుంటాయి చూడు,
దీని వీపు మీద అవే.
క్వారీలో పుట్టింది, రాయి పేరే పెట్టారు డ్రిల్లర్లు.
నోరు తిరగక నేను గాలీ అంటాను.
తగినట్టే ఉంది. వీచిన వైపల్లా దీని ముక్కు.

బలం సంగతి అడగబాక.
ఒంగోలు గిత్తకి మూపురం తీసేసి
తోక ఊపడం నేర్పితే ఇదే.
నైలాన్ తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నానా,
మొదటి రోజే నన్ను రాతిపొడి గుట్ట మీదుగా ఈడ్చుకుపోయింది,
లారీ మీద టార్పాలిన్ అంచు టపటపలాడిందని.

నా పని ఎర్రజెండా.
ఒంటిగంటన్నరకి సైరన్ మోగుద్ది,
బాట మధ్యలో నిలబడి చెయ్యెత్తుతాను.
పద్దెనిమిది చక్రాల లారీ ఆగుద్ది.
బుల్లెట్ మీదొచ్చే మేస్త్రీ ఆగుతాడు.
ఓబులేసు మేకలతో సహా ఆగుతాడు.
ఇది ఒక్కటే ఆగదు.
సైరనంటే దానికి
గుంట అడుగున ఎవరో అన్నం క్యారేజీ మూత తీసినట్టు.

పోయిన నెల ఒకరోజు దిగనే దిగింది.
మందు అంటించినాక కుక్క కోసం ఎవరాపుతారు?
రాళ్లు లేచాయి. పొగ లేచింది.
పొగలోంచి తెల్లగా వచ్చింది గెలాక్సీ,
ఒక్క నలుసూ కనపడకుండా పొడి పూసుకుని,
నోట్లో ఎవరిదో ఎడమకాలి చెప్పు.
కొడదామని చెయ్యెత్తినదాన్ని అట్టాగే కూలబడ్డాను.
నేను కూర్చుంటే అదీ కూర్చుంది.
ఆ ఒక్కటీ ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.
సంతలో ఎండు నెత్తళ్లు పావుకిలో,
నడుముకి కట్టిన గుడ్డసంచిలో.
తాడు వదులు చేసి, వేలు చూపించి
"పోబాక" అంటాను.
పోద్ది.
"పోబాక."
పోద్ది.
"పోబాకే!" అని గట్టిగా అంటే
ఇంకా గట్టిగా పోద్ది.
కొంగ వాలిందని, మేక తుమ్మిందని,
ఏమీ జరగకపోతే, ఏమీ జరగలేదేందా అని.

పదకొండు రోజులు.
రాత్రిళ్లు భుజానికి ఉప్పు కాపడం.
"దీని చెవులు తోకలో ఉండాయి" అన్నాడు మా ఆయన దానియేలు,
"ఆ నెత్తళ్లు వంకాయలో వేసినా సరిపోయేది" అని కూడా అన్నాడు.

మా కెజియా ఏడో తరగతి.
గుమ్మంలో కూర్చుని పదాలు విడగొట్టి రాసుకుంటా ఉంది.
తలెత్తకుండానే అంది:
"అమ్మా, అది నీ మాట వింటానే ఉంది గదా.
నువ్వు ముందు 'పో' అంటన్నావు.
'బాక' అనేలోపు అది గేటు దాటింది."

చేతిలో చేప అట్టాగే ఉండిపోయింది.
పదకొండు రోజులుగా
చెప్పింది చెప్పినట్టు చేసిన కుక్కని
మొండిదన్నాను.
మా అమ్మ కూడా నన్ను అట్టాగే కేకేసేది.
సగం మాట విని నేనెన్ని గడపలు దాటానో
ఇప్పుడు లెక్కేసుకుని ఏం లాభం.

మాట మార్చాను. "ఉండు."
ఎటు విరిచినా అందులో పోవడం లేదు.
ముందు రెండు లెక్కపెట్టే సేపు.
తర్వాత అయిదు.
ఓబులేసుని బతిమాలి మేకల్ని దూరంగా నడిపించి,
ఇంకాస్త దగ్గరగా నడిపించి,
ఒకరోజు బాగా ఉండి, మర్నాడు మొత్తం మర్చిపోయి,
వాన పడిన రోజు మళ్లీ మొదట్నించీ.

నిన్న సైరన్ మోగింది.
ఒక చేతిలో జెండా, రెండో చెయ్యి దాని ముఖం ముందు.
"ఉండు."
తోక నేలని ఊడుస్తా ఉంది.
వెనక కాళ్లు వణుకుతున్నాయి, చొంగ కారుతోంది.
కళ్లు రెండూ గుంట వైపే,
ఒక్క చెవి మాత్రం నా వైపు.
చాలు, ఆ ఒక్క చెవి చాలు.

నేల కింద ఎవరో గుటక మింగినట్టయింది.
పొడి కిందకి దిగేదాకా ఉంది.
ఉంది తల్లీ, ఉంది!
లారీ డ్రైవరు కిటికీలోంచి ఈల వేశాడు.

నేనింకా "రా" అనలేదు,
అంతలోనే నడుము దగ్గర సంచి పుటుక్కుమంది.
నెత్తళ్లన్నీ గుడ్డతో సహా దాని నోట్లో.
అలవాటు నోరు కదా, అరిచేశాను:
"పోబాకే!"

పోయింది.
చెప్పిన మాట వినే కుక్క.