చేతిమర

దురాస్నో ఊళ్లో జులై చలి.
బల్ల మీద బోర్లించిన మోరిస్ కారు హెడ్డు,
నీవియా వేళ్లకు నల్లటి జిడ్డు.

పిడి ఒకే వైపు తిప్పాలి.
లోపలి పళ్లచక్రాలు ఏం మాయ చేస్తాయో
కింద వాల్వు మాత్రం కవ్వంలా
అటు కాస్త, ఇటు కాస్త,
ప్రతిసారీ వెంట్రుకవాసి ముందుకు జరిగి.

"నొక్కకు. దాని బరువు దానికి చాలు"
అంటాడు ఎర్మెలిందో కుర్చీలోంచి,
పడిపోయిన కుడిచేతిని
ఎడమచేత్తో ఒళ్లోకి సర్దుకుంటూ.
కళ్లు మూసే ఉన్నాయి,
చూడ్డమంతా చెవులతోనే.

ముందు గరుకు ముద్ద:
అన్నంలో రాయి తగిలినట్టు కరకర.
తుడిచి, మెత్తటి ముద్ద.
చప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి
పట్టుబట్ట మీద గోరు జారినంత.
"చాలు."

ఎత్తి చూస్తే అంచు చుట్టూ
బూడిదరంగు ఉంగరం, ఎక్కడా తెగకుండా.

ఎనిమిదోది తనే తిప్పుతానన్నాడు.
ఎడమచెయ్యి కదా, పిడి వెనక్కి తిరిగింది.
వాల్వుకి ఆ తేడా తెలియలేదు,
అటు కాస్త, ఇటు కాస్త.
అతని నుదుట చెమట, ఆ చలిలో.

గుంటల్లో కిరసనాయిలు పోసి
కింద పాత పేపరు పరిచి
మాతే ఆకుల కషాయం చెరో గుక్కా తాగారు.

ఏడు పొడిగానే ఉన్నాయి.
ఎనిమిదో దాని కింద
టప్.

నీవియా దగ్గింది,
కొంచెం ఆలస్యంగా.

"పిల్లా, నా చెవులింకా పడిపోలేదు"
అని చేతిమర ఆమె వైపు జరిపాడు.
పిడి ఇంకా వెచ్చగా ఉంది.
ఆమె మెత్తటి ముద్ద డబ్బా మూత తిప్పింది.