లేదుల పద్దు

ఇవాళ తొమ్మిదో రాత్రి.
తెరమీద గీత పైకే పోతోంది,
తొందర లేకుండా,
కట్టని అద్దె పెరిగినట్టు.

విర్ట్సు రేవులో పడవల వేళలు చూసే యంత్రం
తొమ్మిది రోజులకోసారి కొయ్యబారిపోతోంది.
పోయినసారి నలభై లారీలు, ఒక అంబులెన్సు
తడిమంచులో హారన్లు కొడుతూ నిలబడిపోయాయి.

"లీకే," అన్నాడు తాంబెత్, కోటు విప్పకుండానే.
"కెర్నల్లోనే ఎక్కడో. పైన అంతా వెతికేశాను."

ఉర్వె జవాబు చెప్పలేదు.
రై రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని
ఒక్కో పనీ ఎంత తిన్నదో
పాత టికెట్ వెనక పెన్సిల్‌తో కూడుతోంది.
కూడితే ఆరు. ఖర్చు ముప్పై.
మిగతా ఇరవై నాలుగు ఎవరి కంచంలోకి పోయినట్టు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటాం.
ఇక్కడ ఇల్లూ కెర్నలే, ఈశ్వరుడూ కెర్నలే.
తాళాలన్నీ దాని మొలకే.

మొదట అనాథల కోసం చూసింది:
అడిగి పుచ్చుకుని ఎక్కడ పెట్టారో మరిచిపోయిన ముక్కలు,
ఏ చెయ్యీ పట్టుకోని ముక్కలు.
రెండు గంటలు జల్లెడ పట్టింది.
ఒక్కటీ రాలలేదు.
ప్రతిదానికీ ఎవరో ఒకరున్నారు.
తాంబెత్ ముఖం చిన్నబోయింది.
లీకయితే అతుకు వేసి ఇంటికి పోవచ్చు.

అప్పుడు స్లాబుల పట్టీ తెరిచింది.
అన్ని గూళ్ళూ మామూలే,
ఒక్క గూడు తప్ప. డెంట్రీలు.
పేర్లు దాచుకునే చోటు.
పన్నెండు కోట్ల పేర్లు అందులో.
డిస్కు మీద ఉన్న ఫైళ్ళా, మూడు లక్షలు.

రొట్టె పక్కన పెట్టింది.

మరి ఇవి ఎవరి పేర్లు?
లేనివాటివి.
ఎవరో ఒక ఫైలు అడుగుతారు, అది ఉండదు,
మళ్ళీ అడిగితే వెతుక్కోనక్కర్లేకుండా
కెర్నల్ రాసిపెట్టుకుంటుంది: ఇది లేదు.
మన భాషలో లేకపోవడం కూడా క్రియే కదా,
లేను, లేవు, లేడు.
దానికీ అంతే.
లేకపోవడానికీ కాస్త చోటు కావాలి,
ఒక్కోదానికి నూట తొంభై రెండు బైట్లు.

అడుగుతున్నదెవరో దొరికేసరికి మూడున్నర.
పదకొండేళ్ళ కిందటి చిన్న స్క్రిప్టు,
ఎండెల్ రాసింది.
మంచుదారి తెరిచారా? అని అడుగుతుంది,
ప్రతిసారీ ఆ ఘడియను పేరులో కలిపి,
ప్రతిసారీ కొత్త పేరుతో.
సముద్రం గడ్డకట్టి కార్లు నడిచే రోజున
రోడ్ల శాఖ ఒక ఫైలు పెడుతుంది,
అప్పుడు పడవల వేళలు మార్చాలి.
ఏడు చలికాలాలుగా సముద్రం గడ్డకట్టలేదు.

"సెకనుకి నూటయాభై సార్లు అడుగుతోందేం?"
తాంబెత్ తెరకేసి చూడలేదు.
అక్టోబరులో కొత్త యంత్రానికి మార్చినప్పుడు
మధ్యలో ఆగమన్న వరస ఒకటి
పనికిరానిదనుకుని తీసేశాడు.
ఉర్వె ఏమీ అనలేదు. చేప సగం అతనికిచ్చింది.

తెల్లారాక ఎండెల్‌కి ఫోను చేశారు.
ముహు ద్వీపంలో తేనెటీగలు పెంచుకుంటున్నాడు.
"తీసేయొచ్చా?"
చాలాసేపు అటునించి కెటిల్ చప్పుడే.
"నా పెళ్ళికి ఆ దారి మీదే వచ్చాను.
బెల్టు పెట్టుకోనివ్వరు తెలుసా,
మంచు విరిగితే దూకాలిగా.
మా ఆవిడ తలుపు చెయ్యి వదల్లేదు దారంతా."
తీసెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఉర్వె పద్దు ఖాళీ చేసింది.
పన్నెండు కోట్ల లేదులు
ఒక్క ఆజ్ఞతో, కొంచెం ఆలోచించి, పోయాయి.
గీత నిట్టనిలువునా పడింది.
ఇరవై నాలుగూ తిరిగొచ్చాయి, కాణీతో సహా.
దొంగ లేడు. దొంగతనమూ లేదు.

స్క్రిప్టు తీసెయ్యలేదు.
రోజుకోసారి, ఆరింటికి, ఒకే పేరుతో అడగమంది.

కిటికీలోంచి మొదటి పడవ కనిపిస్తోంది,
నల్లటి నీళ్ళు చీల్చుకుంటూ.
మర్నాడు ఆరింటికి యంత్రం అడిగింది.
లేదు.
ఆ ఒక్కటీ దాచుకుంది.