తాళం ఎవరి దగ్గర

కంచరపాలెం మెట్టులో పంక్చర్ల షాపు పైన నా గది.
రెండు కంప్యూటర్లు, ఒక టేబుల్ ఫ్యాను,
"తక్కువ ధరకే వెబ్‌సైట్లు చేయబడును" అన్న ఫ్లెక్సీ.
ఇక్కడికి సముద్రం కనపడదు గానీ
దాని ఉప్పు మాత్రం మెట్లెక్కి వచ్చి
యూఎస్‌బీ మూతుల్లో కూర్చుంటుంది.

ఆ మధ్యాహ్నం వచ్చింది వాసుపల్లి మసేనమ్మ.
ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలూ తాళ్లూ అమ్ముతుంది.
జ్వరమొచ్చిన బిడ్డని దించినట్టు
సంచిలోంచి ల్యాప్‌టాప్ దించింది.
"నడవట్నేదు బాబూ. పాకుతోంది."

తెరిస్తే నలభై మూడు కిటికీలు,
ఉగాది నుంచీ ఒక్కటీ మూయలేదు.
మూత వేస్తే ఆపినట్టు కాదమ్మా,
వారానికోసారి పూర్తిగా ఆపి, కాసేపాగి మళ్లీ వెయ్యండి అన్నాను.
"మా బోటు ఇంజనుకీ ఇదే వైద్యం" అంది.

తెర అంచున చీటీ అంటించి ఉంది: masena123.
పీకేశాను.
మీ ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ నవ్వు రాని మాటొకటి,
పొడుగ్గా, అది పెట్టుకోండి అన్నాను.
కాసేపు పైకప్పు చూసింది.
తనలో తనే పకపకా నవ్వింది.
ఆ మాటేమిటో ఇప్పటికీ నాకు తెలీదు.

రాత్రికి కరెంటు కోసేస్తామని మెసేజొస్తే
అందులో నీలం గీత నొక్కొద్దన్నాను.
లెక్కలకి ఇంకో కాపీ ఇంకో చోట ఉండాలన్నాను.
"హుద్‌హుద్‌కి మా ఖాతా పుస్తకాలు నాని అట్టుముక్కలైపోనాయి.
బాకీలున్నోళ్లు మంచోళ్లే,
సగం మందే మర్చిపోనారు."

అప్పుడు తీసింది అసలు మాట.
ద్వారకానగర్‌లో అద్దాల ఆఫీసువాడు
కాఫీ ఇచ్చి, కెరటాల వీడియో వేసి, ఎనభై వేలన్నాడట.
ఫోనులో ఇంకొకడు తొమ్మిది వందల తొంభై తొమ్మిది,
ఈ రాత్రి వరకే అన్నాడట.
"నువ్వెంత?"
పన్నెండు వేలు.
బేరమాడలేదు. అక్కడే భయమేసింది నాకు.

"ముందు సేసినవి సూపించు.
నీ పెద్ద తెర మీద కాదు, నా ఫోన్లో.
నా కొట్టుకొచ్చేవోళ్లు బోటు మీద కూకుని సూస్తారు."
మద్దిలపాలెం పిండిమిల్లు సైటు తెరుచుకునేలోపు
వేళ్ల కణుపుల మీద ఏడు లెక్కపెట్టింది.
అందులో ఉన్న నంబరుకి నా ఎదుటే ఫోను చేసింది.
"ఈ కుర్రోడు పిలిస్తే పలుకుతాడా?"
స్పీకర్లో గౌరినాయుడు గొంతు:
"రెండోసారికి పలుకుతాడు."

"కొత్త తాడు కొన్నప్పుడు మెరుపు సూడం బాబూ,
పురి ఇప్పి సూస్తాం.
సైటు పేరు ఎవులి పేరున కొంటావు?"

నా పేరునే అమ్మా, సులువుగా ఉంటుంది.

"ఎవులికి సులువు?"

ఫ్యాను అటు తిరిగింది. ఇటు తిరిగింది.

"కొట్టు నాది, తాళం నీ దగ్గర.
రేపు నిన్నే లారీయో గుద్దేస్తే
నా కొట్టు ముందు నాను నిలబడి ఎవుల్ని పిలవాలి?"

నా సొరుగులో పదకొండు తాళాలున్నాయి.
పిండిమిల్లుది, టైలరుది, రెండు హాస్టళ్లవి...
దొంగిలించలేదు. ఎవరూ అడగలేదు, అంతే.
అదే మాట మనసులో మూడుసార్లు అనుకున్నాను.
మూడోసారికి పలచబడిపోయింది.

బిల్లు పుస్తకం వెనక తనే రాసింది:
పేరు నాది. సగం ఇప్పుడు, సగం సూసేక.
ఏటేటా కట్టేదెంతో ఇప్పుడే సెప్పాలి.
రేట్లు మార్చడం నాకు నేర్పాలి,
పెరిగినప్పుడల్లా నీ మెట్లెక్కలేను.

ఆ రాత్రి పదకొండు మందికీ ఫోన్లు చేశాను.
నలుగురు ఎత్తలేదు.
"ఏటి, షాపు ఎత్తేస్తున్నావా?" అన్నాడు టైలరు.
గౌరినాయుడైతే, "నీ దగ్గరే ఉండనీరా,
నాను పారేసుకుంటాను" అన్నాడు.
అయినా కాగితం మీద రాసి
పిండి మూటల మధ్య అతని చేతిలో పెట్టొచ్చాను.

మొన్న మసేనమ్మ సైటు చూశాను.
నైలాను తాడు, ఎనిమిది మిల్లీమీటర్లు,
కిలోకి ఇరవై తక్కువ పడి ఉంది.
వేలు దానంతటదే దిద్దబోయింది.
తాళం నా దగ్గర లేదు.

ఫోను చేశాను.
"తప్పు కాదు" అంది.
"ఏట నిషేధం కదా బాబూ, బోట్లన్నీ ఒడ్డునున్నాయి.
నిన్న నానే తగ్గించేను."